బలము, శక్తి, సామర్థ్యము: బిడ్డల చదువులో తల్లి సాయము



కడచిన రెండు మాసములలో మన శీర్షికకు వచ్చిన యుత్తరములలో నధికభాగ మొక్క విషయమునే ముచ్చటించుచున్నవి. తొమ్మిదవ తరగతి చదువు బిడ్డలు భౌతికశాస్త్రమున పని, శక్తి, సామర్థ్యము అను పాఠమునకు వచ్చునప్పటికి తడబడుచున్నారనియు, ఇంటిలో నడిగి తెలిసికొనుటకు దిక్కులేక సాయంకాలమెల్ల పుస్తకము ముందుంచుకొని కూర్చుండుచున్నారనియు తల్లులు వ్రాయుచున్నారు. వీనిలో నొక సోదరి యుత్తరము నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. ఆమె కూతురు లెక్కలలో చుఱుకైనదే. అయినను ఈ పాఠమున రెండు పరీక్షలలో తప్పినది. "దీనికి సైన్సు పట్టుబడదు, పదవ తరగతి కాగానే ఎం.పి.సి. మాట తలపెట్టక వేఱొక చదువు చదివింతము" అని యింటి పెద్దలు నిశ్చయించుచున్నారట. ఆ బాలిక మాత్రము ఇంజనీరు కావలెనని కోరుచున్నది. "నేను పురాణములు, శతకములు చదువుకొన్నదాననే కాని యీ జౌలులను, వాట్లను ఎఱుగను. నావలన నేమి సాయము కాగలదు?" అని యా తల్లి ప్రశ్న.

ఆ సోదరికి నేను చెప్పదలచిన సమాధానమే యీ మాసపు వ్యాసము. నేనును బడికి పోయి చదువుకొన్నదానను కాను. మా నాయనగారు అమరమును, కావ్యములను ఇంటనే చెప్పిరి. వివాహానంతరము ఉపాధ్యాయుని యిల్లాలినై, పాతబస్తీలో లాలుదర్వాజ ప్రాంతమున కాపురముండి, సాయంకాలములందు మా యరుగుమీద చేరు పిల్లలతోపాటు వారి పుస్తకములను నేనును చదువుట యలవాటు చేసికొంటిని. ఆ యనుభవముచేత చెప్పుచున్నాను. ఈ పాఠమున పిల్లలకు తగులు చిక్కు చాలవఱకు లెక్కలో లేదు, మాటలో నున్నది. మాట తెలిసినచో లెక్క తనంతట నడచును. మాట తెలియజేయుటకు పట్టభద్రురాలు కానక్కఱలేదు. ఓపికతో ప్రశ్నలడుగ నేర్చిన తల్లి చాలును.

సాయమనగా నేమి?

ఈనాటి పిల్లలకు జవాబులు దొరకుట కష్టము కాదు. గైడు పుస్తకములున్నవి, ట్యూషనులున్నవి, ప్రశ్నను సెల్‌ఫోనునకు చూపినచో నిమిషములో మెట్లు మెట్లుగా లెక్క యంతయు వచ్చి తెరమీద నిలుచును. కాని జవాబు దొరకుట వేఱు, తెలియుట వేఱు. మా యరుగుమీది పిల్లవా డొకడు ఫోనులో చూచి జవాబు "49" అని వ్రాసినాడు. "49 ఏమిటి నాయనా? మీటర్లా, జౌలులా, వాట్లా?" అని యడిగితిని. వాడు దిక్కులు చూచినాడు. అంకె సరియైనదే, వానికి మాత్రము దానితో సంబంధము లేదు. ఎసరెంత, బియ్యమెంత యని తెలిసికొనక ప్రక్కయింటినుండి అన్నము తెచ్చుకొన్నచో ఆ పూట గడచును. మఱునాటి కెట్లు?

మా యింటివారు చిరకాలముగా బడిలో పాఠములు చెప్పుచున్నారు. జవాబు తప్పియైనను తన తలతో చేసిన పిల్లను బాగుచేయవచ్చుననియు, ఎవరిదో సరియైన జవాబు నెత్తి వ్రాసిన పిల్లను ఎక్కడ పట్టుకొనవలెనో తెలియదనియు వారనుచుందురు. కాబట్టి తల్లి చేయదగిన సాయము జవాబు నందించుట గాదు. బిడ్డ యెక్కడ నాగెనో చూచి, అక్కడ దీపము పట్టుట.

పోపులపెట్టె గిన్నెలు

బిడ్డ ఆగు చోటు ముఖ్యముగా ఈ మూడు మాటలయొద్ద: బలము, శక్తి, సామర్థ్యము. అమరకోశమున బలము, శక్తి, పరాక్రమము, ప్రాణము అనునవి యొక్క వర్గమున పర్యాయపదములుగా చేరియున్నవి. కవి తన ఛందస్సునకు తగినట్లు ఒకదానికి బదులుగా నింకొకదానిని గ్రహింపవచ్చును. ఇంటిమాటలోను అంతియే. జ్వరమునుండి లేచినవాడు "ఒంట్లో శక్తి లేదు" అన్నను, "బలం లేదు" అన్నను, మన హైదరాబాదు వాడుకలో "తాకతు లేదు" అన్నను మనకు తెలియున దొకటే. దీపములాఱిపోయినప్పుడు "పవరు పోయింది" అందుము. "కరెంటు పోయింది" అనియు నందుము.

శాస్త్రజ్ఞు డీ స్వేచ్ఛ నొల్లడు. ఆతని పద్ధతి మన పోపులపెట్టెవంటిది. ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ అన్నియు పోపుదినుసులే. అయినను ఒక్కొక్కదాని కొక్కొక్క గిన్నె. ఆవాల గిన్నెలో మెంతులు పోసిన కోడలిని అత్తగారు క్షమింపనట్లే, శక్తి యున్నచోట సామర్థ్యమును పెట్టిన విద్యార్థిని పరీక్షకుడు క్షమింపడు. ఆ గిన్నెలను ఒక్కసారి వరుసగా చూతము.

బలమనగా త్రోపుడు లేక లాగుడు. దాని కొలత న్యూటను. వంద గ్రాముల పసుపు పొట్లమును అరచేత నిలిపి పట్టుకొన్నచో మన చేయి దానిని సుమారు ఒక న్యూటను బలముతో మోయుచున్నదన్నమాట.

పని యనగా బలము తగిలిన వస్తువు ఆ బలపు దిశలో కదలుట. ఆ పసుపు పొట్లమునే ఒక మీటరు పైకెత్తితిమా, సుమారు ఒక జౌలు పని చేసితిమి.

శక్తి యనగా పని చేయుటకు గల నిలువ. ఎత్తున నున్న నీటియందు స్థితిశక్తి, పరుగెత్తు బండియందు గతిశక్తి, అన్నమునందును వంటగ్యాసునందును రసాయనశక్తి కలవు. పనిగా ఖర్చగునది శక్తియే కనుక దీని కొలతయు జౌలే.

సామర్థ్యమనగా ఆ పని యెంత చుఱుకుగా జరిగె ననుట. సెకనునకు ఒక జౌలు చొప్పున జరిగినచో ఒక వాటు. తొట్టిలో నిలిచిన నీరెంత యనునది శక్తివంటిది. కుళాయి విప్పినప్పుడు వచ్చు ధార యెంత లావనునది సామర్థ్యమువంటిది. సన్నని ధారతోనైనను తొట్టి యెల్ల ఖాళీ చేయవచ్చును, కాలమెక్కువ పట్టును.

ఇచ్చట పిల్లలు తప్పక నొక యాక్షేపణ తెత్తురు. పత్తర్‌గట్టి వీథిలో బట్టల మూట నెత్తిన పెట్టుకొని బేరము తెమలువఱకు నిలుచున్న హమాలీ యేమియు పని చేయలేదని పుస్తకము చెప్పుచున్నదే, ఆతనికి చెమట పట్టుచున్నది కదా యని. ఆక్షేపణ న్యాయమైనదే. మూట పైకి లేవలేదు కనుక మూటమీద పని జరుగలేదు; ఆతని శక్తిలో నొక జౌలైనను మూటకు చేరలేదు. కాని కండరములు బిగిసియుండుటకే లోలోపల శక్తి ఖర్చగుచు వేడిగా మాఱుచున్నది. ఆ ఖర్చే ఆతని చెమట. పుస్తకము హమాలీ శ్రమను తిరస్కరించుట లేదు. మూటకు చేరిన లెక్కను మాత్రమే వ్రాయుచున్నది. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల మొగములు విప్పారును.

మా వీథి చివర నొక ముస్లిము సోదరి యున్నది. ఆమె కుమార్తె ఉర్దూ మాధ్యమమున చదువుచున్నది. ఒకనాడు రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. మన పనికి వారు కామ్ అనియు, బలమునకు ఖువ్వత్ అనియు, శక్తికి తవానాయీ అనియు, సామర్థ్యమునకు తాఖత్ అనియు వ్రాసికొన్నారు. ఖువ్వత్ అన్నను తాఖత్ అన్నను వాడుకలో నొకటే కదా, అచ్చట తన బిడ్డయు తడబడుచున్నదని యామె నవ్వినది. ఇంగ్లీషు మాధ్యమపు పిల్లలు వచ్చి ఫోర్సు, ఎనర్జీ, పవరు అని యప్పగించిరి; తేడా యేమన్నచో వారును మౌనమే. చిక్కు ఏ యొక్క భాషదియు కాదని యప్పుడు తెలిసినది. వాడుకమాటను శాస్త్రము తన పనికి తీసికొన్నప్పుడెల్ల ఈ చిక్కు కలుగును.

మన నగరమునకు ఈ మాటల పరిశ్రమ క్రొత్త కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు విజ్ఞాన చంద్రికా మండలిని హైదరాబాదునందే స్థాపించి, శాస్త్రములను తెలుగున చదువుకొనునట్లు గ్రంథములు వెలువరింప బూనిరి. 1917లో ఇచ్చట ఉర్దూ అనువాద శాఖ యేర్పడినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము భౌతికశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పుస్తకములను తెలుగున తెచ్చినది. ఇందఱు పండితులు ఒక్కొక్క మాటకొఱకు శ్రమించినప్పుడు, మన బిడ్డ మూడు మాటలకొఱకు మూడు సాయంకాలములు వెచ్చించుట యెక్కువ కాదు.

గోలకొండ మెట్లమీద

ఇక లెక్కకు పోదము. బిడ్డ పుస్తకము తెచ్చినప్పుడు నే నడుగునవి నాలుగే ప్రశ్నలు. ఏమి యిచ్చినారు? ఏమి యడిగినారు? జవాబునకు కొలత యేది? వచ్చిన జవాబు నమ్మదగినదేనా? ఈ నాలుగింటిని ఏ తల్లియైనను అడుగవచ్చును. చివరి ప్రశ్నకు లోకజ్ఞానమే చాలును.

గోలకొండ దుర్గపు కొండ చుట్టునున్న నేలకంటె సుమారు 120 మీటర్ల యెత్తు. 40 కిలోల మనుమరాలు 20 నిమిషములలో శిఖరమున నున్న బాలాహిసారు చేరినది. 60 కిలోల యమ్మమ్మ మధ్య మధ్య కూర్చుండుచు 40 నిమిషములలో చేరినది. ఎవరు పని యెక్కువ చేసిరి? ఎవరి సామర్థ్య మెక్కువ?

పైకెక్కుటలో జరిగిన పనికి బరువును, ఎత్తును, భూమ్యాకర్షణకు పుస్తకములిచ్చు 9.8 అను నంకెను హెచ్చింపవలెను. మనుమరాలిది 40 × 9.8 × 120 = 47,040 జౌలులు. అమ్మమ్మది 60 × 9.8 × 120 = 70,560 జౌలులు. పని యమ్మమ్మదే యెక్కువ. ఇక కాలముచేత భాగింతము. 20 నిమిషములనగా 1,200 సెకనులు. మనుమరాలి సామర్థ్యము 39.2 వాట్లు. 40 నిమిషములనగా 2,400 సెకనులు. అమ్మమ్మ సామర్థ్యము 29.4 వాట్లు. పని పెద్దదైనను సామర్థ్యము చిన్నది. ఈ యొక్క లెక్క చేసిన బిడ్డ ఆ రెండు మాటలను మఱల కలుపదు.

ఇప్పుడు నాలుగవ ప్రశ్న. నిమిషములను సెకనులుగా మార్చుట మఱచినచో మనుమరాలి సామర్థ్యము 2,352 వాట్లని వచ్చును. ఒక అశ్వసామర్థ్యము 746 వాట్లు. పిల్ల మూడు గుఱ్ఱములంత చుఱుకుగా నెక్కినదన్నమాట! కిలోలకు బదులు గ్రాములు వేసినచో 39,200 వాట్లు వచ్చును. అనగా ఏబదికి పైగా గుఱ్ఱములు. జవాబును గుఱ్ఱములలోనికి మార్చి చూపినంతనే పిల్లలు పకపక నవ్వి, తామే తమ తప్పును వెదకికొందురు. మందలింపు చేయని పని ఈ నవ్వు చేయును.

ఆ గుఱ్ఱపు కొలత పెట్టినవాడు జేమ్సు వాటు (1736–1819). తన యావిరియంత్ర మెన్ని గుఱ్ఱముల పని చేయునో చెప్పినగాని కొనువారికి దాని విలువ బోధపడదని, గానుగలవంటి యంత్రములను త్రిప్పు గుఱ్ఱముల పనితో పోల్చి యాతడీ లెక్క కట్టినాడు. తెలియనిదానిని తెలిసినదానితో కొలిచి చూపుట బోధకుని మొదటి నేర్పు. మనము పిల్లలకు చేయుచున్నదియు నదియే.

డాబామీది నీళ్లు, బకెట్టులోని వేడి

గోలకొండలో నీటిని చక్రములతో మెట్టు మెట్టుగా పైకి చేది, మట్టిగొట్టములద్వారా రాజగృహముల కందించెడివారు. నేడు మన యిండ్లలో నా పని మోటారు చేయుచున్నది. డాబామీద 1,000 లీటర్ల తొట్టి 12 మీటర్ల యెత్తున నున్నదనుకొందము. లీటరు నీరు ఒక కిలో కనుక దానిని నింపుటకు కావలసిన పని 1,000 × 9.8 × 12 = 1,17,600 జౌలులు. అర అశ్వసామర్థ్యపు మోటారనగా 373 వాట్లు. భాగించినచో 315 సెకనులు, అనగా అయిదుంబావు నిమిషములు.

కాని గడియారము పెట్టి చూచినచో మోటారు ఇరువది నిమిషములు నడచిన గాని తొట్టి నిండదనుకొందము. అప్పుడు పుస్తకము తప్పా? కాదు. ఇరువది నిమిషములలో మోటారిచ్చిన శక్తి 373 × 1,200 = 4,47,600 జౌలులు; నీటికి చేరినది 1,17,600 మాత్రమే, అనగా నాలుగవ వంతుకు కొంచె మెక్కువ. తక్కినది పంపులోని నీటిసుడులలోను, గొట్టపు రాపిడిలోను వేడిగా మాఱినది. శక్తి నశింపదు, రూపము మాఱును అను నియమము ఇదియే. ఈ వంతునే పుస్తకములలో దక్షత యందురు. "పోయినది పోయినది" అనక "ఎచ్చటికి పోయినది?" అని యడుగుట నేర్చిన పిల్ల శాస్త్రపు గడప దాటినట్లే.

వేడి కూడ శక్తియేయని కొలిచి చూపినవాడు జేమ్సు ప్రెస్కాటు జౌలు (1818–1889). మద్యపు బట్టీలు గల కుటుంబమునబుట్టిన యాతడు, క్రిందికి దిగు బరువులచేత నీటిలో తెడ్లు త్రిప్పించి, నీరు వెచ్చబడుటను సూక్ష్మమైన ఉష్ణమాపకములతో కొలిచెను. మనమిప్పుడు కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,200 జౌలులు కావలెనని చెప్పుకొనుట ఆ పరిశ్రమ ఫలమే.

ఆ యంకెతో నొక వింత చూడుడు. చలికాలమున 20 లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు వేడిచేయుటకు 20 × 4,200 × 25 = 21,00,000 జౌలులు కావలెను. తొట్టికి నీటి నెత్తుటకు కావలసినది 1,17,600. అనగా ఒక్క బకెట్టు వేడినీటి శక్తి, నష్టమే లేని పంపునకు దొరకినచో, దాదాపు పదునెనిమిది తొట్లు నింపును! పంపు నష్టములన్నియు తీసివేసినను రెండు తొట్లకు తక్కువ కాదు. మోటారు మ్రోత విని మనము బెదరుదుము. హీటరు మ్రోత లేక కాజేయును.

ఇచ్చటనే మన యింటి విద్యుత్తు బిల్లును పిల్లల ముందు పెట్టుడు. బిల్లుమీది యూనిట్టు సామర్థ్యము కాదు, శక్తి. 1,000 వాట్ల సామర్థ్యము ఒక గంటసేపు నడచినచో ఒక యూనిట్టు. గంటకు 3,600 సెకనులు కనుక అది 36,00,000 జౌలులు. కిలోవాటు సామర్థ్యపు గిన్నెలోనిది, కిలోవాటు-గంట శక్తి గిన్నెలోనిది. మన బకెట్టు వేడినీటికి యూనిట్టులో సగమునకు కొంచె మెక్కువ యైనది. 1,500 వాట్ల హీటరు దానిని 1,400 సెకనులలో, అనగా ఇరువదిమూడు నిమిషములకు పైన మఱియొక యిరువది సెకనులలో కాచును. బిల్లు కట్టునది మీరు కనుక ఈ లెక్కలో మీ బిడ్డ మీకు నేర్పునదియు కొంత కలదు. తల్లి తన్నడిగి నేర్చుకొన్నదన్న గౌరవము బిడ్డకు బలమైన యౌషధము.

వేగము రెండుసార్లేల?

పెద్ద తరగతులలో గతిశక్తి సూత్రము వచ్చును: బరువును వేగముచేత ఒకసారి కాక రెండుసార్లు హెచ్చించి సగము చేయవలెను. "రెండుసార్లేల?" అని పిల్లలడుగుదురు. ఈ ప్రశ్న ఐరోపా పండితులనే చిరకాలము కలచినది. వేగమును ఒకసారి హెచ్చించిన చాలునని కొందఱు, రెండుసార్లు హెచ్చింపవలెనని లైబ్‌నిట్సు పక్షమువారు వాదించిరి. గ్రావెసాండె యను డచ్చి పండితుడు ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిమీద విడిచి చూచెను. రెట్టింపు వేగముతో పడిన గుండు మట్టిని రెండింతలు గాక నాలుగింతలు త్రోసివేసినది. ఆ పరీక్షను ముఖ్యసాక్ష్యముగా గ్రహించి, రెండుసార్లు హెచ్చింపవలయునన్న పక్షమును తన గ్రంథమున సమర్థించినది ఒక స్త్రీ.

ఆమె ఫ్రాన్సు దేశపు ఎమిలీ దు షాత్లే (1706–1749). ఆ కాలమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ఆమె యింటనే గురువులను పెట్టుకొని గణితము నేర్చినది. 1740లో ప్రకటించిన యామె భౌతికశాస్త్ర గ్రంథము తన కుమారుని నుద్దేశించి వ్రాసినది. న్యూటను మహాగ్రంథమును లాటినునుండి ఫ్రెంచిలోనికి వ్యాఖ్యాన సహితముగా తెచ్చినదియు నామెయే. అది యామె మరణానంతరము 1759లో సమగ్రముగా వెలువడినది. బిడ్డకు పాఠము చెప్పబూనిన తల్లి, దేశదేశముల పండితుల వివాదమున దిగి సత్యపక్షమును నిలిపినది. తల్లి పాఠము చిన్నదని యెవరనగలరు?

ఆ పరీక్ష మన పెరటిలోను చేయవచ్చును. మెత్తగా పిసికిన బంకమట్టిమీద ఒక ఇనుపగుండును జానెడెత్తునుండి యొకసారి, నాలుగు జానల యెత్తునుండి యొకసారి విడువుడు. నాలుగింతల యెత్తునుండి పడినదాని వేగము రెట్టింపే; గుంత మాత్రము ఎంత పెద్దదగునో పిల్లలనే చూడనిండు. తరువాత స్కూటరు మాట చెప్పుడు. గంటకు 20 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసిన తరువాత 5 మీటర్లలో నిలుచు బండి, 40 కిలోమీటర్ల వేగమున అదే బ్రేకుతో 20 మీటర్లు పోయిన గాని నిలువదు. మదీనా కూడలి సందడిలో ఆ పదునైదు మీటర్ల నడుమ నెవరి బిడ్డ యుండునో! ఈ సూత్రము మార్కులకొఱకు మాత్రమే యని యెంచిన కుఱ్ఱవాడు బండి పట్టకుండుటయే మేలు.

ఉత్తరము వ్రాసిన సోదరికి

అమ్మా! మీ యమ్మాయి చుఱుకైనదని మీరే వ్రాసితిరి. రెండు పరీక్షలలో తప్పినది బుద్ధి చాలకనా, గిన్నెలు కలిసిపోయినందుననా యని తేల్చుకొనక ఆమె దారి మార్పవలదు. తేల్చుటకొక మార్గము చెప్పెదను. ఆమె తప్పిన జవాబుపత్రములను తెప్పించి, ప్రతి తప్పునకు ప్రక్కన కారణము ఆమెచేతనే వ్రాయింపుడు: మాట తప్పా, కొలత తప్పా, హెచ్చవేత తప్పా యని. మాట తప్పులును, కొలత తప్పులును ఎక్కువగా కనబడినచో నెలదినముల పని; పూటకు నాలుగు లెక్కలు, ఒక్కొక్కదానికి పైని నాలుగు ప్రశ్నలు. మీరు ప్రక్కన కూర్చుండి బియ్యము ఏరికొనుచునైనను అడుగవచ్చును. కలము మాత్రము మీరు పట్టవలదు.

మీ కిద్దఱకును తెలియని చోటు వచ్చినప్పుడు, తెలియనిదేమో స్పష్టముగా నొక వాక్యమున వ్రాయించి, మఱునా డామెను ఉపాధ్యాయుని యొద్దకు పంపుడు. "నాకేమియు రాదు" అను పిల్లకు చెప్పుటకు ఏ గురువునకు నోపిక చాలదు. "ఎత్తునకు 120 మీటర్లే వేయవలయునా, మెట్లవెంట నడచిన దూరము వేయవలయునా?" అని యడుగు పిల్లకు చెప్పని గురువుండడు. ఫోనును సయితము ఈ విధముగనే వాడుకొననిండు: లెక్క తాను ముగించిన తరువాత సరిచూచుకొనుటకు, ముందు గాదు.

అందఱు ఆడుపిల్లలును ఎం.పి.సి.యే చదువవలెనని నా వాదము కాదు. ఒక విద్యను వద్దని విడుచుట వేఱు, రాదని విడిపింపబడుట వేఱు. మొదటిది స్వేచ్ఛ; రెండవది నష్టము. మూడు మాటల తేడా చెప్పువారు లేక ఒక యింజనీరు మన యింట పుట్టియు కాకపోయినచో, ఆ లోటును ఏ బిల్లుమీదను ఎవరును చూపరు. మీ పెద్దలకు ఈ పుట చదివి వినిపింపుడు. నెల గడువడుగుడు. తరువాత ఆ బాలిక మాటయే కడపటి మాట కానిండు.

వచ్చే మాసమునకు మూడు లెక్కలు

తల్లులును బిడ్డలును కలిసి చేసి జవాబులు వ్రాయుడు. జవాబుతోపాటు కొలతయు వ్రాయనివానిని లెక్కకు గైకొనను.

ఒకటి: 15 కిలోల బియ్యపు సంచిని 3 మీటర్ల యెత్తుగల మేడమీదకు 10 సెకనులలో చేర్చినచో సంచిమీద జరిగిన పని యెంత? సామర్థ్య మెంత?

రెండు: 75 వాట్ల పంకా యొకటి, 30 వాట్ల క్రొత్తరకపు పంకా యొకటి. దినమునకు 8 గంటలు నడిపినచో 30 దినములలో యూనిట్ల తేడా యెంత?

మూడు: మీ యింటి మెట్లనెక్కి, ఒక మెట్టెత్తును స్కేలుతో కొలిచి, కాలమును గడియారముతో చూచి, ఇంటిలో ప్రతివారి సామర్థ్యమును లెక్కకట్టుడు. తాతగారిని తొందరపెట్టవలదు, ఆయన పని తగ్గదు, సామర్థ్యమే తగ్గును.